రెండు మూతలు

పంపుకు పదిహేను లీటర్ల నీళ్ళు,
నీళ్ళల్ల రెండు మూతలు.
దుకాణపాయన చెప్పిండు.
ఆయనకెవరు చెప్పిండ్రో
నేనడగలె.

సిరొంచకు ఇవతల, ప్రాణహిత ఒడ్డున
కౌలుకు పట్టిన మూడెకరాల నల్లరేగడి.
పత్తి మోకాలు దాటినంక
మరిది బానయ్య వీపుకు పంపు,
నా నెత్తికి బిందె.
వాగు నుంచి చేను దాక
పొద్దుగూకేసరికి ఇరవై ఆరు తిరుగుళ్ళు.
నేను బిందెలు లెక్కబెట్టిన,
మూతలు కాదు.

గులాబి పురుగట. పేరు మంచిగనే ఉన్నది.
అది మొండికేసిన ఏడు
రెండు మూతలు మూడైనయి, మూడు నాలుగైనయి.
గాలి ఎదురు తిరిగితే
బానయ్య రుమాలు మూతికి బిగించి
"ఇగ జరంతనే వదినె" అన్నడు.

ఆ జరంత ఇంకా ఒడువలె.

పొద్దు వాలంగ గట్టు మీద కూలబడ్డడు.
కంటిపాపలు ఆవగింజలంతయినయి,
చెమట, చొంగ, అంగి నిండ ఆ వాసన.
ఆటోల వాని తల నా ఒళ్ళె,
కొంగుల ముడేసిన ఖాళీ సీస.

దవఖానల డాక్టరు మరాఠీల అడిగిండు:
ఏం తీసుకున్నడు?
మందు, అన్న.
నర్సమ్మ కాయితం మీద రాసింది: ఔషధ్.
ఏటికి ఈ ఒడ్డునొక మాట, ఆ ఒడ్డునొక మాట,
రెండు ఒడ్లూ విషాన్ని
రోగం కుదిర్చే పేరుతోనే పిలుస్తయి.
ఎవల నాలుక తప్పు పట్టాలె?

సీస మీద ఎర్ర ముక్కల కోణం ఉంటది.
దాని కింద పది భాషల రాతలు.
నేను నాలుగు దాక తెలుగు బడికి పోయినదాన్నే,
నా భాష గీత దొరికింది గని
అక్షరాలు ఈర్లంత సన్నం.
ఆరోది చదివే మా వనిత మరాఠీ గీత కూడబలికింది:
గాలికి ఎదురుగ కొట్టొద్దు.
ఉత్త చేతుల్తో ముట్టొద్దు.
తిన్నగ చదివి "ఇదంతా ముందే రాసున్నదే చిన్నమ్మా" అన్నది.
పిల్ల మాట. నేనేం జెప్పలె.

బానయ్య బతికిండు.
అంగి గుండీలు వనితనే పెడ్తది.
చాయ గిలాస సగమే నింపుతం,
నిండుగ పోస్తె వణుకుడుకు మీద పడ్తది.

మల్ల జేష్ఠంల సర్కారు కాయితం వచ్చింది:
ఆ మందు బందు.
జీపు మీద మైకు పెట్టి మరాఠీల ఒకసారి,
తెలుగుల ఒకసారి చెప్పిండ్రు.
దుకాణపాయన బోర్డు తుడిచి బోర్లేసిండు.
మేం ఖాళీ సీసలు పదకొండు అప్పజెప్పినం.
అందుల ఒకటి కోసి
కోడిపిల్లలకు నీళ్ళు పెట్టిన సీస.

ఇప్పుడు చెప్పేది ఎవ్వలతోని చెప్పలె.

ఈ ఏడు కాయ పగలకముందే
పువ్వుల్ల మల్ల పురుగు.
కౌలు బాకీ, ఇత్తనాల బాకీ,
దవఖాన బాకీ మీద మిత్తి.
వారం రోజులు చేను గట్టున నిలబడి చూసిన.
తర్వాత నేనే పోయిన.
సందుల షట్టరు సగం లేపి
"పాతది ఉన్నదా?" అన్న.
దుకాణపాయన నా దిక్కు కాదు, నా చేతుల దిక్కు చూసిండు.
వంతెన దాటొచ్చిందట, బిల్లు లేదట, ధర రెండింతలట.
పాత పేపర్ల చుట్టిచ్చిండు.

ఇంటెనుక పంపు కడిగిన.
బిందె దించిన.
సీస మూత తిప్పంగ
టక్కుమని సీలు విరిగింది.

అరుగు మీద కూసున్న బానయ్య
ఇటు తిరుగలె, ఏమనలె.
వణికే చెయ్యి మెల్లగ లేపి
లేని రుమాలును
మూతికి కట్టుకుంటున్నడు.

మూత మల్ల బిగించిన.
చేన్ల పురుగు తింటనే ఉన్నది.
బిందె నిండ నీళ్ళు.
ఎక్కడ పార బొయ్యాల్నో తెలువక
చేతుల సీస
అట్లనే ఉన్నది.